ఇల్డమ్మ చారు

ఆ ఏడు రంజాన్‌కు మా వంటగదిలో పగటిపూట నోట్లో ఏదైనా పెట్టుకోగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా చెఫ్ ఎట్టోరె, ఇటలీ దేశస్థుడు. రెండోవాడు గిన్నెలు కడిగే లింబాద్రి, నిజామాబాద్ జిల్లావాడు. మిగతా అందరం రోజా ఉండేవాళ్ళమే.

నేను పీరయ్యను. జమ్మలమడుగు దూదేకుల సాయిబును. మా తాత దూది ఏకాడు, మా నాయన పరుపులు కుట్టాడు, నేను రియాద్‌లో ఒక అద్దాల మేడలో ఇటాలియన్ పిండి వత్తుతున్నాను. మా వంశంలో పని ఎప్పుడూ మెత్తగానే సాగుతోందని నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు రాబిగ్‌లో రిఫైనరీ మెస్సులో చపాతీలు వత్తుతున్నాను. ఎందుకిలా అయిందో చెప్పాలంటే ఆ ఒక్క నెల సంగతి చెప్పాలి.

మా హోటల్ పేరు 'ఇల్డా'. అది చెఫ్ వాళ్ళ అమ్మ పేరు. లోపలికి రాగానే గోడ మీద ఆమె ఫొటో కనిపించేది. చేతులు మోచేతుల దాకా పిండి, కళ్ళలో ఎవరినో తిడుతున్న చూపు. వాళ్ళ దేశంలో ఏటి ఒడ్డున చిన్న ఊళ్ళో పడవలవాళ్ళ కోసం చెఫ్ తాత పెట్టిన పూటకూళ్ళ ఇల్లు దీనికి మూలం. ఇల్డమ్మ ఆ ఇంటిని నిలబెట్టింది, కొడుకు దాని పేరు దేశాలు దాటించాడు. ముప్పై ఏళ్ళు దాటకముందే పత్రికల అట్టల మీదికి ఎక్కాడట. లండన్‌లో హోటల్, టోక్యోలో హోటల్. ఆయన వండిన పళ్ళెం ముందు కూర్చోవడానికి జనం నెలల ముందు పేరు రాయించుకునేవాళ్ళట. మేం చూసేనాటికి లండన్ పోయింది, టోక్యో పోయింది. సొంత ఊళ్ళో ఆ మొదటి హోటల్‌ను చెల్లెలు ఇర్మా నడుపుతోంది. అన్నకు మిగిలింది రియాద్ ఒక్కటే. పేరు మాత్రం ఇంకా పెద్దదే.

రంజాన్ ముందురోజు చెఫ్ మమ్మల్నందరినీ పొయ్యిల దగ్గరికి పిలిచాడు. తెల్ల కోటు, నెరిసిన గడ్డం, ఎప్పుడూ చిటపటలాడే మనిషి. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు.

"రేపటి నుంచి సూర్యుడు మునిగేదాకా ఈ వంటగదిలో నేను కూడా ఏదీ నోట్లో పెట్టను. మీరు నోరు కట్టుకుని వండుతుంటే నేను మీ మధ్య రుచులు చూస్తూ తిరగడం మర్యాద కాదు."

పొయ్యి దగ్గర నిలబడ్డ పాకిస్తానీ ఇష్తియాక్ కళ్ళు తుడుచుకున్నాడు. "క్యా ఆద్మీ హై, యార్" అన్నాడు నా చెవిలో. నేనూ పొంగిపోయాను. పరదేశంలో మన నోరు గురించి పెద్దవాళ్ళెవరైనా ఆలోచించారా ఎప్పుడన్నా?

"మరి ఉప్పూ కారం ఎవరు చూడాల చెఫ్?" అని అడిగాను.

రోజాలో ఉన్న వంటమనిషి నాలుక కొసకు తాకించి ఉమ్మేస్తే తప్పులేదని చెప్పేవాళ్ళున్నారు. కానీ మాలో ఎవరికీ మనసొప్పేది కాదు. చెఫ్ చుట్టూ చూశాడు. సింకు దగ్గర చేతులు తుడుచుకుంటున్న లింబాద్రి మీద ఆయన వేలు ఆగింది.

"అతను."

నేను తెలుగులో చెప్పగానే లింబాద్రి ముఖం పాలిపోయింది. "నేనెందుకన్నా? నాకేం తెలుస్తది గీ దొరల తిండి?"

"తెలిసేదేముంది రా? ఉప్పు ఉండాదా లేదా చెప్పేది. గిన్నెలు కడిగేవానికి పెత్తనం వచ్చిందని సంతోషపడకుండా ఏడుస్తావేమి?" అని వీపు మీద ఒక్కటి చరిచాను.

ఇఫ్తార్‌కు మా దగ్గర మొట్టమొదట వెళ్ళేది ఇల్డమ్మ చారు. పొద్దుటి నుంచీ గొడ్డు ఎముకలు, మాంసం, ఒక ముసలి కోడి కలిపి సన్నటి సెగ మీద కాస్తారు. బంగారు రంగులో తేటగా దిగుతుంది. అందులో నేను చేసిన పాస్తా ముక్కలు వేస్తారు, లోపల మాంసం కూరిన బుల్లి కజ్జికాయల్లాంటివి. రోజా విప్పేటప్పుడు ఇక్కడివాళ్ళకు వేడివేడిగా సూప్ పడాలి కనక హోటల్ నడిపే కంపెనీవాళ్ళు ఈ చారునే ముందు పెట్టారు. అజాన్ వినపడగానే గిన్నెలన్నీ ఒక్కసారిగా బయటికి పోయేవి. ఉప్పు చెఫ్ కాటాలో తూచి ఇచ్చేవాడు, అమ్మ కొలత. ఇష్తియాక్ వేసేవాడు. తర్వాత లింబాద్రిని పిలిచేవాళ్ళం.

లింబాద్రి చెంచాతో తీసుకుని, మాకు వీపు తిప్పి సింకు వైపు వెళ్ళేవాడు. కాసేపు తల వంచుకుని నిలబడి, వెనక్కి వచ్చి, నేర్చుకున్న రెండు మాటలూ చెప్పేవాడు. "పర్ఫెక్ట్, చెఫ్."

రోజా ఉన్నవాళ్ళ ముందు తినకూడదని పక్కకు పోతున్నాడు, ఎంత బుద్ధిమంతుడని మేం ముచ్చటపడ్డాం. చెఫ్ మర్యాద ఒకటి, లింబాద్రి మర్యాద ఒకటి. ఆ నెల మా వంటగది నిండా మర్యాదే.

ఇంకో వింత కూడా ఆ నెలలోనే మొదలైంది. అంతకు ముందు చెఫ్ మాతో కూర్చుని తిన్న పాపాన పోలేదు. ఇప్పుడు చారు బయటికి వెళ్ళగానే వచ్చి మా మధ్య కింద కూర్చునేవాడు. ఖర్జూరం, పళ్ళు, సమోసా ఏదీ ముట్టుకోడు. మా ఇంటి నుంచి వచ్చిన ఎండుమిరపకాయలతో, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ వేసి నేను నూరుకున్న ఎర్రకారం మాత్రం ఖుబ్జ్ రొట్టె మీద దట్టంగా పూసుకుని తినేవాడు. ముక్కూ కళ్ళూ కారిపోతున్నా ఆపేవాడు కాదు.

"కడుపు పాడయితాది చెఫ్" అన్నాను ఒక సాయంత్రం. మిగతావాళ్ళు నమాజుకు లేచిపోయారు. మేమిద్దరమే ఉన్నాం.

"ఇది ఒక్కటే నాకు తెలుస్తోంది, పీరయ్యా."

"ఏం తెలియడం?"

"మంట. నోట్లో ఏదో ఉందని తెలుస్తోంది." రొట్టె ముక్క చేతిలోనే ఉంది. "చలికాలంలో నాకు జ్వరం వచ్చింది గుర్తుందా? అది పోతూ పోతూ అంతా తీసుకుపోయింది. వాసన లేదు. ఉప్పు లేదు, తీపి లేదు. నీళ్ళు తాగినా ఒకటే, వెన్న తిన్నా ఒకటే. డాక్టర్లు తిరిగి రావొచ్చన్నారు. రాకపోవచ్చని కూడా అన్నారు."

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, కోపమే వచ్చింది ముందు. మా రోజా మీద గౌరవమనుకుని ఇష్తియాక్ కళ్ళు తుడుచుకున్నాడే, నేను పొంగిపోయానే, అదంతా ఇందుకా? మా ఉపవాసం చాటున దాక్కున్నాడా ఈ మనిషి? తర్వాత ఆయన చేతుల వైపు చూశాను. రొట్టె ముక్కను వేళ్ళతో నలిపి నలిపి పొడి చేసేస్తున్నాడు. వంటమనిషికి నాలుక పోవడమంటే ఏమిటో అప్పుడు తలకెక్కింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"చివరి వారంలో ఇర్మా వస్తోంది" అన్నాడు. "మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మ పేరు పెట్టుకున్న హోటల్ ఎక్కడున్నా ఏడాదికోసారి ఇంటి మనిషి వచ్చి చారు తాగి వెళ్ళాలి. లండన్‌కు అమ్మ వచ్చేది. ఇప్పుడు ఇర్మా. నా సంగతి తెలిసిందో, పేరు తీసుకుని వెళ్ళిపోతుంది. ఆ పేరు లేకపోతే కంపెనీ నన్ను ఒక్కరోజు కూడా ఉంచదు. నన్ను ఇక ఎవరూ పిలవరు, పీరయ్యా. యాభై ఎనిమిదేళ్ళ చవి తెలియని వంటవాణ్ని ఎవరు పిలుస్తారు?"

"ఎట్ల గడుపుతావు చెఫ్ మరి?"

"లింబాద్రి ఉన్నాడుగా. మంచి నాలుక అతనిది. అతను బాగుందన్నాక పంపిన గిన్నె ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు."

ఆ రోజు నుంచి నాకు లింబాద్రి నాలుక మీదే ధ్యాస. ఊళ్ళోనే మలాజ్ పేటలో మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం, నేను, ఇష్తియాక్, లింబాద్రి. వాడు పొద్దున్నే తంబాకు నలపబోతే లాక్కుని పారేశాను. టీ సలసల కాగుతూ తాగబోతే ఊదుకుని తాగమన్నాను.

"ఏందన్నా, నన్ను బిడ్డ లెక్క సూసుకుంటున్నవ్?"

"నాలుక మొద్దుబారిపోతాది రా. ఆ మనిషి బతుకు నీ నాలుక మీద ఉండాది."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టేసి, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మాట పడ్డందుకు అలిగాడేమో అనుకుని వదిలేశాను.

ఇర్మా వచ్చిన రోజు ఊరంతా దుమ్ము కమ్ముకుంది. మధ్యాహ్నానికే ఆకాశం పసుపు రంగుకు తిరిగింది. ఆమెను వంటగదిలోకి తీసుకొచ్చాడు చెఫ్. కత్తిరించిన నెరసిన జుట్టు, బూట్లు, చేతికి గడియారం తప్ప ఇంకేమీ లేదు. గోడ మీద ఫొటోలో ఉన్న ఆ తిట్టే కళ్ళే. అందరికీ చెయ్యిచ్చింది. నా పాస్తా ముక్క ఒకటి వెలుతురుకు పట్టి చూసి, తల ఊపి, కింద పెట్టింది. అదే నాకు దక్కిన మెప్పు.

చెఫ్ ఆ రోజు ఒకచోట నిలవలేదు. పొయ్యి దగ్గరికి వెళ్తాడు, తలుపు దగ్గరికి వెళ్తాడు, మళ్ళీ పొయ్యి దగ్గరికి వస్తాడు. ఆయన పొద్దున్నే తూచి ఇచ్చిన ఉప్పును ఇష్తియాక్ రోజూలాగే వేసి సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్ళాడు. ఆ కంగారులో ఇచ్చింది మరిచి, వేశాడో లేదో అడగక, చెఫ్ తానే మళ్ళీ కాటాలో అమ్మ కొలత తూచి చారులో వేశాడు. నేను పిండి గదిలో ఉన్నాను. ఇదంతా తర్వాత అందరినీ అడిగితే తెలిసింది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. దాన్ని చూసే దిక్కే మాకు లేకుండా పోయింది.

అజాన్‌కు కాస్త ముందు లింబాద్రిని పిలిచారు. వాడు చెంచా తీసుకుని సింకు వైపు తిరిగాడు. చెఫ్ వాడి వీపు వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను కూడా అదే వీపును చూశాను.

"పర్ఫెక్ట్, చెఫ్."

అజాన్ అయింది. గిన్నెలు వెళ్ళాయి. మేం ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతున్నాం. రెండు ఖర్జూరాలు తినేలోపే వెయిటర్లు వెనక్కి రావడం మొదలుపెట్టారు. వాళ్ళ చేతుల్లో నిండు గిన్నెలు. నేనొక దాంట్లో చెంచా ముంచి నోట్లో పెట్టుకుని అక్కడికక్కడే ఉమ్మేశాను. పొద్దంతా ఎండిన గొంతులోకి అంత ఉప్పా?

తలుపు తోసుకుని ఇర్మా వచ్చింది. చేతిలో తన గిన్నె ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. వెయిటర్లు పక్కకు తప్పుకున్నారు. ఆమె నేరుగా అన్న దగ్గరికి వెళ్ళి, చారులో చెంచా ముంచి ఆయన నోటికి అందించింది.

చెఫ్ నోరు తెరిచి తీసుకున్నాడు. మింగాడు. లింబాద్రి కోసం చూశాడు, వాడు తల ఎత్తలేదు. నా వైపు చూశాడు. నేను చెప్పగలిగితే చెప్పేవాణ్నే, ఆమె మా మధ్యలో నిలబడి ఉంది. అప్పుడాయన చెల్లెలితో వాళ్ళ భాషలో ఒక్క మాట అన్నాడు. ఆ భాష నాకు వంటింటి ముక్కలు నాలుగే వచ్చు. ఈ మాట అర్థమవడానికి అవే సరిపోయాయి.

"అమ్మ చేసినట్టే ఉంది."

ఇర్మా కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. బొటనవేలితో ఆయన పెదవి అంచున అంటిన చారు తుడిచింది. తర్వాత చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది.

నేను లింబాద్రిని సింకు మూలకు లాక్కుపోయాను. గల్లా పట్టుకున్నానో ఏమో, చొక్కా గుండీ నా చేతిలోకి వచ్చింది.

"నోరా అది, ఇంకేమన్నానా? ఆ ఉప్పు తెల్లేదా నీకు? మందు కొట్టినావా ఏమి?"

"నోట్లె వెట్టుకుంటెనే గద అన్నా తెలిసేది" అన్నాడు.

"ఏమంటివి?"

"అది పెద్దకూర చారు. మా ఇంట్ల ముట్టరు. లింబాద్రి నర్సింహసామి పేరు వెట్టుకున్నోణ్ని నేను. ఎట్ల వెట్టుకోవాలె నోట్లె? ఒక్కనాడు గూడ పెట్టలే. వాసన సూసి, చెంచ సింకుల వంపేసిన. నన్ను గన్న అవ్వ సుత గట్లనే. దేవునికి చూపెట్టేదాంక రుశి సూడది, వాసనతోనే చెప్తది."

"ముందే ఏడ్చి ఉండొచ్చు గదరా!"

"ఎవరికి చెప్పాలె? పని తీసేస్తరని భయమాయె. ఎట్లన్నగాని పెద్ద చెఫ్, ఆయన ఎప్పుడో ఒకసారి సూసుకుంటుండే అనుకున్న. చేసినోడు సూడకుంట ఉంటడా అన్నా?"

గుండీ వాడి చేతిలో పెట్టేశాను. రోజా ఉన్నామని మేం చూడలేదు. గొడ్డు మాంసమని వాడు చూడలేదు. నాలుక లేదని ఆయన చూడలేదు. వాడి మీద ఆయన, ఆయన మీద వాడు భారం వేసి నిశ్చింతగా ఉన్నారు. నెలంతా ఇంత జనం కలిసి వండిన చారును వండినవాళ్ళలో ఒక్కరూ బయటికి పంపేముందు నోట్లో పెట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఏడుపే వచ్చింది.

తర్వాతంతా చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఇర్మా అన్నను ఒక్క మాట కూడా అనలేదని విన్నాను. రెండోరోజు విమానానికి వెళ్ళిపోయింది. పండగకు ముందే మనుషులు వచ్చి పేరు బోర్డు విప్పారు. వెనకాల గోడ అక్షరాల మేర తెల్లగా ఉండిపోయింది, దూరం నుంచి కూడా ఇల్డా అని చదువుకోవచ్చు. కంపెనీవాళ్ళు మమ్మల్ని తలోచోటికి రాసేశారు. ఇష్తియాక్‌ను ఏదో పెళ్ళిళ్ళ వంటలకు, లింబాద్రిని సులైలో కూలీల క్యాంపు వంటశాలకు, నన్ను ఈ రాబిగ్‌కు. మలాజ్ గది తాళం ఇంటాయనకు ఇచ్చేశాం.

పండగ రోజు చెఫ్ మా ముగ్గురినీ పిలిచాడు. సాయంత్రం ఆయన ప్రయాణం. కత్తులన్నీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. వంటగది అంతా కడిగేసి, ఒక్క పొయ్యి మాత్రం వెలుగుతోంది.

లింబాద్రి తలుపు దగ్గరే ఆగిపోయి, "చెప్పన్నా ఆయనకు. నేను నోట్లె వెట్టలేదని చెప్పు. నాతోనే ఆయన ఆగమైండు" అన్నాడు.

చెప్పాను. ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాను.  చెఫ్ బల్ల ఆనుకుని, "అయితే ఎవరూ చూడలేదన్నమాట. అమ్మ కొలతే నడిపించింది ఇన్నాళ్ళూ" అన్నాడు. లింబాద్రిని చూపించి, "అతను ఏం తింటాడు?" అని అడిగాడు.

"కోడి తింటాడు."

"పొయ్యి మీద ఉన్నది ఒట్టి కోడే. స్టోర్‌లో గొడ్డు మాంసం మిగల్లేదు" అని ఒక చెంచా చారు తీసి తానే ఊది, లింబాద్రికి ఇచ్చాడు. "నిజం చెప్పమను."

లింబాద్రి ఈసారి వీపు తిప్పలేదు. నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు తక్కువున్నది, సార్."

నేను చెప్పేలోపే ఆ మాట ఆయనకు అర్థమైంది. చిటికెడు వేశాడు. వాడు చూశాడు, ఇంకా అని చెయ్యి ఊపాడు. ఇంకో చిటికెడు. "సాలు సార్, ఆపు."

"ఎలా ఉందో చెప్పమను" అన్నాడు చెఫ్. వాడి ముఖం నుంచి కళ్ళు తియ్యలేదు.

లింబాద్రి పెదవులు నాక్కున్నాడు. "జరమొచ్చి లేచిన్నాడు మా అవ్వ కోడి ఉడకవెట్టి పోస్తది. గట్లున్నది. జరం పోయినంక నోటికి మల్ల రుశి తెలుస్తది సూడు, గప్పటి లెక్క."

జ్వరం వచ్చినప్పుడు వాళ్ళమ్మ పోసే చారులా ఉందంటున్నాడని చెప్పాను. చివరి మాట చెప్పలేదు.

చెఫ్ తల ఊపాడు. మాకందరికీ గిన్నెల్లో పోశాడు. ఇష్తియాక్ బిస్మిల్లా అని మొదలుపెట్టాడు. నిజంగా ఎంత బాగుందో! రెండేళ్ళు ఆ చారుకు పాస్తా చేశాను, దాని గొప్పతనం ఆ రోజే నాకు తెలిసింది. అదే చారు చెఫ్ కూడా తాగాడు, ఒక గుక్క, రెండు గుక్కలు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. గిన్నె దింపి నా వైపు చూశాడు.

"నీ ఎర్రకారం ఉందా?"

పొద్దున గది ఖాళీ చేసినప్పుడు సీసా సంచిలో వేసుకున్నాను. "ఉండాది. దీంట్లో వద్దు చెఫ్. మీ అమ్మది" అన్నాను.

"వెయ్యి."

నేను సీసా మూత తీసి చెంచా కొసతో కాస్త వేశాను. ఆ తేటదనమంతా పోయి చారు ఎర్రగా తిరిగింది. ఆయన గటగటా తాగేసి, గిన్నె మళ్ళీ నింపుకుని, ఇంకాస్త వెయ్యమని నా ముందుకు చాపాడు.